అయ్యగారి కునుకు

మనవరాలి జ్వరంతో రెండు రోజులుగా కంటిమీద కునుకు లేకపోయినా, వారం వారం జైలుకు వెళ్లి ఖైదీలతో ప్రార్థన చేసే పాస్టరుగారు ఆ బుధవారం కూడా మానలేదు. కుట్టుపని షెడ్డులో, యావజ్జీవం పడ్డ టైలరు మాస్టరు తన గోడు వెళ్లబోసుకుంటుంటే, "ఊఁ" కొడుతూ కొడుతూ అలాగే బట్టల మూటకు చేరగిలబడి నిద్రపోయారు. గురక కూడా పెట్టారు. దేవుడి మనిషైతే మాత్రం గురక రాదా?

మెలకువ వచ్చేసరికి మిషన్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఎవరో ఆయనకు అంచు కుట్టని దుప్పటి కప్పారు. పులిలాంటి వార్డరు పిల్లిలా మునివేళ్లమీద నడుస్తున్నాడు.

పాస్టరుగారికి తల కొట్టేసినట్టయింది.

"నువ్వు కష్టం చెప్పుకుంటుంటే నిద్రపోయానా! తట్టి లేపకపోయావా, నాయనా?"

మాస్టరు నవ్వాడు.

"కష్టానికేం అయ్యగారూ, వచ్చే బుధవారం కూడా ఉంటుంది. పెరోలు మీద ఇంటికెళ్తే తోడబుట్టిన తమ్ముడే గదికి గడియ పెట్టుకుని పడుకున్నాడు. మా మధ్య నిశ్చింతగా కళ్లు మూసుకున్న మనిషిని ఇన్నాళ్లకు చూశాం. లేపబుద్ధి కాలేదు."