పుండుకు పెట్టిన విందు

పొద్దున్నే రొట్టె కొనడానికి వెళ్ళేవాళ్ళకి షక్రో మొహం కన్నా ముందు కాలు కనపడేది. అతని మట్టి పొయ్యి బావిలా నేలలోకి దిగి ఉంటుంది. రెండు కొసలూ లాగిన పిండిని పొయ్యి లోపలి గోడకి చరచాలంటే నడుం దాకా లోపలికి వంగాలి. వంగినప్పుడు ఎడమకాలు గాలిలోకి లేచేది. బరువంతా కుడికాలి మీదే. ఆ కుడికాలి మీద ఇరవై ఏళ్ళుగా ఆ సందంతా రొట్టె తింటోంది.

లమారా షక్రో ఉండే లోగిలిలోనే పై అంతస్తులో ఉంటుంది. డెబ్బై దాటినా నది ఒడ్డున ఉన్న ప్రయోగశాలకి రోజూ నడిచి వెళ్తుంది. అక్కడ ఆమె పని, సూక్ష్మజీవుల్ని చంపే వైరస్‌లని పెంచడం. తిబిలిసి నగరంలో అది వింత పనేమీ కాదు. గొర్రెల్ని పెంచేవాళ్ళున్నట్టే వీళ్ళూ ఉంటారు. పని చేతులకి బాగానే గుర్తుంది గాని, ఈమధ్య మాటలే జారిపోతున్నాయి. చిక్కుడు గింజలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతోంది. ఎదురింటావిడ పేరు కోసం మెట్ల మీద నిలబడి వెతుక్కుంటోంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వేసవి చివర ఒక నిప్పుకణిక ఎగిరి షక్రో కుడి బూటులో పడింది. గోడకున్న రొట్టెలు మాడిపోతాయని, అవన్నీ తీసేదాకా అతను బూటు విప్పలేదు. తర్వాత బట్టలు నానేసిన తొట్టిలో కాలు పెట్టి చల్లార్చుకున్నాడు. ఆ తొట్టి నీళ్ళలోంచే కాలికి సూక్ష్మజీవులు ఎక్కాయి.

కొన్నాళ్ళకి కాలు ద్రాక్షపళ్ళ వాసన వేసింది. కోతల కాలం కదా, ఎవరో పళ్ళ బుట్ట తెచ్చారనుకుంది అతని భార్య జుజునా. కట్టు విప్పితే చీము ఆకుపచ్చగా ఉంది. ఆసుపత్రిలో చేర్చిన వారానికి పుండు మాట్లాడటం మొదలుపెట్టింది.

ముదిరిన పుళ్ళు మాట్లాడటం ఎవరూ ఎరగనిది కాదు. జుజునా తాత తొడలో తూటా గాయం వానొచ్చే ముందు సణిగేది. కాకపోతే ఇది ఉత్త వాగుడుకాయ.

"పెన్సిలిన్ అనేవాడొకడు వచ్చాడు," అనేది, కట్టు విప్పడం ఆలస్యం. "వాణ్ణి కత్తిరించే కత్తెర మా తాతల నాడే ఉంది మాకు. తర్వాత వాడి దాయాదులు వచ్చారు. పడవలోకి నీళ్ళొస్తే గిన్నెతో తోడిపోస్తారే, అలా తోడి బయట పోశాను. ఇంకొకడు తాళంచెవి పట్టుకుని వచ్చాడు. వాడు చెవి దూర్చేలోపు తాళమే మార్చేశాను. నీళ్ళలో అమీబా ఉంటుందే, తిండిపోతు, అది నన్ను మింగింది. దాని కడుపులో కాపురం పెట్టి, పిల్లల్ని కని, పొట్ట చీల్చుకుని వచ్చాను."

"షక్రో, నీ కాలికి కాస్త సౌండు తగ్గించు బాబూ," అనేవాడు పక్క మంచం మీది టాక్సీ డ్రైవరు గివీ.

అన్నాడే గాని తనూ వినేవాడు. మిగతా మంచాలవాళ్ళూ వినేవాళ్ళు. ఎవరైనా అంత గొప్పగా మాట్లాడితే ఆ ఊళ్ళో చేతులు ఊరుకోవు. దిండు కింది సీసా బయటికొచ్చేది. అందరూ గుక్కెడు పోసుకుని, గ్లాసులెత్తి, "గెలుపు నీదే" అనేవాళ్ళు. గ్లాసెత్తినప్పుడు అనే మాట అది. అనకపోతే మర్యాద కాదు.

మర్నాటికి ఎరుపు ఒక అంగుళం పైకి పాకేది.

సర్జన్ రెవాజ్ పద్ధతైన మనిషి. జుజునాని, లమారాని వరండాలో కూర్చోబెట్టి చెప్పాడు. "మా దగ్గరున్న మందులన్నీ వాడి చూశాం, ఏదీ పనిచెయ్యలేదు. ఇంకొంచెం పాకితే ఎముకకి పడుతుంది. అప్పుడు కాలు కాదు, మనిషిని దక్కించుకోవాలి. మోకాలి పైకి తీసేయాలి."

"ఒంటికాలి మీద పొయ్యిలోకి ఎలా వంగుతాడండీ?" అంది జుజునా. మొదట ఆమె అడిగింది అదే.

"గడువివ్వండి," అంది లమారా.

"మీ దగ్గరి వైరస్‌లన్నీ వేసి చూశారు కదా, లమారా గారూ."

"మా సీసాల్లోవి చూశాను. ఊళ్ళో ఉన్నవి చూడలేదు."

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "వచ్చే సోమవారం కాదు, ఆపై సోమవారం. అంతకు మించి నన్నడక్కండి."

సీసాల్లోవాటిని వేసినప్పుడు పుండు నవ్వింది. "వీళ్ళని చిన్నప్పట్నుంచీ ఎరుగుదును. నా కోటు గుండీ పట్టుకుని లోపలికి దూరేవాళ్ళు. ఆ గుండీ ఎప్పుడో పీకేశాను."

మురుగున్న ప్రతిచోటా సూక్ష్మజీవులుంటాయి. అవి ఉన్నచోట వాటిని వేటాడేవీ ఉంటాయి. కాని ఊరు నిండా మురుగే. లమారా తాడు కట్టిన సీసాతో చేపల మార్కెట్టు కాలువ చూసింది, వంతెన కింద చూసింది, ఆసుపత్రి వెనక తూము చూసింది. షక్రో కాలిలోంచి తీసి పళ్ళెంలో పెంచిన సూక్ష్మజీవుల మీద ఆ నీళ్ళన్నీ చుక్కలు చుక్కలుగా వేసింది. పళ్ళెం మీద అవి పాలమీగడలా పరుచుకుని ఉన్నాయి. వాటిని చంపేది ఉంటే అక్కడ చిల్లు పడాలి. ఒక్క చోటా పడలేదు.

ఈ పుండుని ఓడించినవాళ్ళు ఎక్కడున్నారో దానికే తెలియాలి. పుండు అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. చచ్చినా మరిచిపోదు. అందుకు లమారాకి దాని మీద అసూయగా కూడా ఉండేది. కాని గొప్పలు చెప్పుకునేవాడు ఓటమి సంగతి ఎందుకు చెప్తాడు?

శనివారం మధ్యాహ్నం ఆమె సంచీతో వార్డుకి వచ్చింది. మంచం పక్క బల్ల మీద తెల్లగుడ్డ పరిచింది. అక్రోట్లు, జున్ను, రొట్టె పెట్టింది. టీ ఫ్లాస్కులోంచి నల్లద్రాక్ష సారా గ్లాసుల్లో పోసింది. నర్సు కిటికీ వైపు తిరిగి దుప్పట్లు మడతపెట్టుకుంటూ ఉండిపోయింది.

షక్రో రొట్టె కొరికి చూశాడు. "ఎవడు చేశాడిది? ఉప్పెక్కడ?"

"నువ్వు లేచి చెయ్యి, తింటాం," అంది జుజునా.

లమారా కట్టు విప్పి, కాలి పక్కన కూడా ఒక గ్లాసు పెట్టింది. "ఇవాళ విందు పెద్దని నేను," అంది. "నేను చెప్పిన వరసలో తాగాలి. ‘గెలుపు నీదే’ అన్న మాట ఎవరి నోటా రాకూడదు. ఒరే గివీ, నీకే చెప్పేది."

"నేనేమన్నానండీ?" అన్నాడు గివీ.

"నువ్వు అంటూనే ఉన్నావు, వీడి కాలికి ఎరుపు ఎక్కుతూనే ఉంది."

గివీ దిండు కింది సీసాని ఇంకాస్త లోపలికి తోశాడు.

మొదటి గ్లాసు శాంతికి. "నాకు పడదు, అయినా కానివ్వండి," అంది పుండు. రెండోది తల్లిదండ్రులకి. "నాకు తల్లీ నేనే, కూతురూ నేనే. నడిమికి చీలి ఇద్దరమయ్యాం. ఎవరికి దండం పెట్టమంటారు?" గివీకి నవ్వొచ్చింది. విందు బాగుందని పుండు ఇంకో గొప్ప మొదలుపెట్టబోయింది.

"మూడోది," అంటూ లమారా లేచి నిలబడింది. "పోయినవాళ్ళకి."

నిలబడగలిగినవాళ్ళందరూ లేచారు. షక్రో మోచేతి మీద లేచి కూర్చున్నాడు. ఈ గ్లాసు దగ్గర ఎవరూ వేళాకోళమాడరు. తప్పించుకోకూడదు, అబద్ధమాడకూడదు. ఎంత పగవాడైనా బల్ల దగ్గర కూర్చున్నాక తనవాళ్ళని తలుచుకుని తీరాలి.

లమారా రొట్టె ముక్క మీద సారా చుక్కలు ఒంపింది. "మా అమ్మకి, అనేతాకి," అంది. "నా భర్త సెవెరియన్‌కి. నా తమ్ముడు..."

ఆగిపోయింది.

మొహం కళ్ళ ముందుంది. చిరిగిన టోపీ, పన్ను ఊడిన నవ్వు. సైన్యంలోకి వెళ్తూ బస్సు కిటికీలోంచి ఊపిన చెయ్యి. పేరు మాత్రం లేదు. పేరు ఉండాల్సిన చోట ఖాళీ. వార్డంతా చూస్తోంది. ఇన్నాళ్ళూ దాచుకున్నది ఈ బల్ల ముందే బయటపడింది.

"ఇలిక్కో," అన్నాడు షక్రో మెల్లిగా. "ప్రతి ఈస్టరుకీ మన లోగిట్లో తలుస్తావుగా, పెద్దమ్మా. నాకు కంఠతా వచ్చు."

"ఇలిక్కోకి," అంది లమారా. తాగి, గ్లాసు బోర్లించి, కాలి వైపు తిరిగింది. "ఇక నీ వంతు."

పుండు చాలాసేపు మాట్లాడలేదు. అది ఊరుకోవడం వార్డులో ఎవరూ అంతకు ముందు వినలేదు.

"మాలో పేర్లుండవు," అంది చివరికి. గొంతులో మునుపటి జోరు లేదు. "చోట్లుంటాయి. గంధకపు స్నానశాలల వెనక కార్లు కడిగే షెడ్డుంది చూడు, దాని కింద పాత ఇటుకల తూము. గోరువెచ్చటి నీళ్ళు. మావాళ్ళు ఆ గోడ నిండా ఉండేవాళ్ళు, పట్టుగుడ్డ పరిచినట్టు. ఒక వసంతంలో మమ్మల్ని వేటాడేవాళ్ళు వచ్చారు. సాయంత్రానికి గోడ బోసిపోయింది. నేను కొట్టుకుపోయి బతికాను." మళ్ళీ తనే, "చెప్పకుండా ఉండాల్సింది," అంది.

"ఈ గ్లాసు దగ్గర అలా కుదరదన్నా," అన్నాడు గివీ.

నాలుగోది ఎప్పుడూ పిల్లలకే, బతికేవాళ్ళకి. లమారా అది నిలబడే తాగి, సంచీ తీసుకుని బయల్దేరింది.

షెడ్డు కుర్రవాళ్ళు ఇనపమూత ఎత్తిపెట్టారు. "ఈ కంపునీళ్ళు ఎందుకు, అవ్వా?" అన్నారు.

"రొట్టె కోసం," అంది.

మర్నాడు పళ్ళెంలో మీగడకి చిల్లులు పడ్డాయి. మసకమసకగా, జల్లెడకి పడ్డట్టు చిన్నవి. వేటగాళ్ళున్నారు. కాని అవి తూములో తిన్న సూక్ష్మజీవులు వేరు, షక్రో కాలిలో ఇన్ని యుద్ధాలు చేసినవి వేరు. వేటగాళ్ళకి తర్ఫీదు కావాలి. చిల్లులోంచి తీసి తాజా సూక్ష్మజీవుల మీద వదలాలి. గెలిచినవాటిని ఏరి మళ్ళీ వదలాలి. సూక్ష్మజీవులు ఒక ఎత్తు వేస్తాయి, వైరస్‌లు పైఎత్తు వేస్తాయి. ఎవరూ వాటికి చెప్పేదేమీ లేదు. లక్షల్లో ఒకటి పొరపాటున వేరేగా పుడుతుంది, ఆ పొరపాటే బతుకుతుంది.

ఏ గొట్టానికి మేత వేసిందో, దేనికి వెయ్యలేదో మరిచిపోతానని లమారాకి భయం. అందుకని గొట్టాలకి ఊలుదారాలు కట్టింది. ఒక్కో రోజుకి ఒక్కో రంగు. గొట్టాలన్నీ మేజోళ్ళు తొడుక్కున్నట్టున్నాయని ప్రయోగశాలలో నవ్వారు. ఆమె తలెత్తలేదు. ఇంట్లో చిక్కుడు గింజలు మాడాయి. మాడనిచ్చింది.

నాలుగు రోజులు గడిచేసరికి చిల్లులు నాణేలంతై, అద్దంలా తేరుకున్నాయి. అయినా వాటి మధ్యలో ఒకటో రెండో చుక్కలు. చావనివి.

ఇదివరకైతే ఆ చుక్కల్ని చూసి నీరసపడేది. ఈసారి భూతద్దం పెట్టుకుని వాటి వంకే చూస్తూ కూర్చుంది. బతకడానికి ఇవి ఏం వదులుకున్నాయి? ఊరికే ఎవరూ బతకరు. ఆ చుక్కల్ని విడిగా పెంచి, చుట్టూ పాత మందుల బిళ్ళలు పేర్చింది. ఆసుపత్రివాళ్ళు పనికిరాదని ఎప్పుడో పక్కన పడేసిన మందు ఒకటుంది. మర్నాడు దాని చుట్టూ నిండుచంద్రుడంత ఖాళీ కనపడింది.

అప్పుడర్థమైంది. మందుని తోడిపోసే గిన్నె ఉందే, తూము వైరస్ ఆ గిన్నె అంచు పట్టుకునే లోపలికి ఎక్కుతోంది. దాన్నుంచి తప్పించుకోవాలంటే గిన్నెనే పారేయాలి. గిన్నె పారేసినవాడి పడవలోకి నీళ్ళొస్తే?

శనివారం రెవాజ్ ఆ పళ్ళేన్ని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పాడు. "ముందు మీవాళ్ళని పంపండి," అన్నాడు. "వెనకే నేను మందు పంపుతాను."

లమారా వైరస్ నీళ్ళు తడిపిన గుడ్డ కాలి మీద వేసింది. పుండు రాత్రంతా తిట్టిందట. ఆదివారం పొద్దున జుజునా వచ్చేసరికి దాని గొంతు పీలగా ఉంది. "తప్పించుకున్నాను," అంటోంది. "బరువులన్నీ పారేశాను. తేలిగ్గా ఉంది."

రెవాజ్ సెలైను గొట్టంలోకి పాత మందు ఎక్కించాడు. లమారా కాలి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. మందు చుక్కచుక్కగా దిగింది.

"ఎవరో వస్తున్నారు," అంది పుండు.

జుజునా తలుపు వైపు చూసింది.

"ఎవరిది? ఎక్కడో చూసినట్టుంది." మళ్ళీ కాసేపటికి, "నోట్లోనే ఉంది పేరు," అంది.

ఆ వెతుకులాట లమారాకి తెలుసు. మెట్ల మీద నిలబడి తను వెతుక్కునేది అదే. అయినా సెలైను గొట్టం మీంచి చూపు తిప్పలేదు.

"పాత పరిచయమే," అంది. "నువ్వే మరిచిపోయావు."

పుండు మళ్ళీ మాట్లాడలేదు. సోమవారం రెవాజ్ ఎరుపు అంచున పెన్నుతో గీత గీశాడు. బుధవారానికి ఎరుపు ఆ గీత దిగి కిందికొచ్చింది. ద్రాక్ష వాసన పోయి, ఉత్త కాలి వాసన వచ్చింది. జుజునా కట్టుని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఛీ," అని, ఏడ్చింది.

మంచు కరిగాక ఒక పొద్దున లమారా మెట్లు దిగి రొట్టెల కొట్టుకి వెళ్ళింది. లోపల అన్నిటికన్నా ముందు ఎడమకాలు కనపడింది, గాలిలో. నేల మీద కుడికాలు, పిక్క మీద గులాబీరంగు మచ్చతో, కొంచెం వణుకుతూ, నిలబడే ఉంది. షక్రో పైకి లేచి చెమట తుడుచుకుని, రెండు రొట్టెలు ఆమె చేతుల్లో పెట్టాడు.

"నేనొక్కదాన్నే కదరా," అంది లమారా. "రెండోది ఎవరికి?"

షక్రో అప్పటికే మళ్ళీ పొయ్యిలోకి వంగాడు. జవాబు మట్టి గోడలకి తగిలి, వెచ్చగా పైకొచ్చింది.

"ఇలిక్కోకి, పెద్దమ్మా. రోజూ అడుగు, రోజూ చెప్తాను."