తూకం అక్క తగ్గిన పద్నాలుగు కిలోలు

తూకం మిషను పళ్ళెం తుడవడం అయింది, దానికి ఎదురుగా ఉన్న నిలువుటద్దం తుడవడం అయింది, ఇక అద్దం పైన నిన్నటి అట్ట పీకి ఇవాళ్టి అట్ట అంటించాలి. తూకం అక్క ఒక కాలు కుర్చీ మీద పెట్టింది గానీ రెండోది ఎత్తలేక, కుర్చీ వీపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయింది. మెట్లెక్కి వచ్చి అరగంటయింది, ఇంకా ఈ ఆయాసం ఏమిటో! ఎలాగో ఎక్కి, అట్టను వంకర లేకుండా అంటించి, నాలుగు మూలలూ అరచేత్తో అదిమింది. దాని మీద ఎర్ర మార్కరుతో, తలకట్లు ముద్దుగా తిప్పి రాసి ఉంది: "నీరసం వచ్చిందా? కరుగుతున్నావన్నమాట!"

మాటలు మేడంవి, దస్తూరీ ఈమెది. కళ్ళజోళ్ళ దుకాణం పైన, రెండో అంతస్తులో ఉన్న ఆ స్లిమ్మింగ్ సెంటరుకు యజమాని మేడం. వచ్చినవాళ్ళను తూచడం, కార్డులో రాయడం, పైకి చదవడం ఈమె పని. పదకొండేళ్ళుగా అదే పని కాబట్టి అందరికీ ఈమె తూకం అక్కే. తల నెరిసినవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినబడేది కాదు.

ఆ సెంటరుకో పద్ధతి ఉంది. మిషను ఎక్కినవాళ్ళు అంకె చూడకూడదు, తలెత్తి అద్దంలోకి చూస్తూ నిలబడాలి. అంకెల పెట్టె తూకం అక్క ముందు ఉంటుంది, చూసేది ఆమె. తగ్గితే ఎంత తగ్గారో చదివి గంట కొడుతుంది, గదిలో అందరూ చప్పట్లు కొడతారు. తగ్గకపోతే ఏమీ అనదు. అనకపోతే అర్థం చేసుకోవాలి. దిగి, అద్దం దగ్గరికి పోయి, అట్ట మీది మాట మూడుసార్లు పైకి చదవాలి. సిగ్గుతో చచ్చినా సరే, మూడుసార్లూ చదవాల్సిందే. మరీ ఏడుపు మొహంతో ఎక్కినవాళ్ళకు తూకం అక్క అప్పుడప్పుడూ లేని వంద గ్రాములు తగ్గించి గంట కొట్టేసేది. మేడంకి తెలిస్తే ఉద్యోగం ఊడేది, అయినా కొట్టేసేది.

మొన్నమొన్నటిదాకా ఆమెను తెర వెనక కూర్చోబెట్టారు. మేడం మంచిగానే చెప్పింది. "ఏమీ అనుకోకు. ఒళ్ళు తగ్గించే చోట నువ్వు ఎదురుగా కూర్చుంటే మన బోర్డు మనమే పీక్కున్నట్టుంటుంది." ఆమె ఏమీ అనుకోలేదు. అనుకోకపోవడం చిన్నప్పటినుంచీ అలవాటే. కంచం ముందు కూర్చుంటే "ఇక చాల్లే, లే" అనేది తల్లి. బడిలో బస్తా అన్నారు. పెళ్ళిలో మొగుడి తరపు చుట్టాలు "ఇద్దరూ ఒక ఫొటోలో పడతారంటావా" అని నవ్వితే, పెళ్ళికూతురు కూడా వాళ్ళతో పాటే నవ్వింది. తెర వెనక స్టూలు మీద కూర్చుని, చెయ్యి ఒక్కటి బయటికి చాచి కార్డు అందుకునేది. ఆ చెయ్యీ, ఆ గొంతూ తప్ప ఆమెను చూడనివాళ్ళు ఎంతమందో!

అట్టలు కోయగా మిగిలిన ముక్కల మీద తనకోసం కూడా రాసుకుని ఇంటికి పట్టుకెళ్ళేది. పొయ్యి పైన ఒకటి, బీరువా తలుపు లోపల ఒకటి, ఫ్రిజ్ మీద ఒకటి: "నోరు గెలిస్తే నువ్వు ఓడినట్టే." మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, నోట్లో నాలుక లేని మనిషి. ఆయన కూడా విసుగెత్తి, "ఇదేం గోలే! నీళ్ళ సీసా తీద్దామన్నా ఫ్రిజ్ తిడుతోంది నన్ను" అనేవాడు.

ఆ అట్టల వల్ల ఎవరికి ఏం ఒరిగిందో మేడం కన్నా ఆమెకే బాగా తెలుసు. కార్డులన్నీ ఆమె చేతి మీదుగానే పోయాయి కదా. మొదటి నెల ఎగిరి గంతేస్తూ మెట్లెక్కేవాళ్ళు. రెండో నెల అద్దం ముందు నిలబడి వినీ వినబడకుండా చదివేవాళ్ళు. మూడో నెల వచ్చినప్పటికన్నా లావై, కింద కళ్ళజోళ్ళ దుకాణం దాకా వచ్చి వెనక్కి తిరిగి పోయేవాళ్ళు. ఇదంతా చూసి కూడా తప్పు అట్టదేమో అని ఆమెకు ఒక్కనాడూ తోచలేదు. పదకొండేళ్ళు రాసింది తనే, తగ్గనిదీ తనే, అంటే లోపం తనలోనే ఉండాలనుకుంది పిచ్చి తల్లి.

అలాంటిది, ఈ నాలుగు నెలల్లో పద్నాలుగు కిలోలు తగ్గింది.

మొదటి మూడు కిలోలకు మిషను చెడిపోయిందనుకుంది. ఆరో కిలోకు మేడం స్వయంగా గంట కొట్టింది. పదో కిలోకు తెర తీయించేసింది, కమ్మీ మాత్రం పైన ఉండిపోయింది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఫొటో తీసేవాడు వస్తాడు. తూకం అక్క నిలువెత్తు ఫొటో గోడకెక్కుతుంది, "ఈ ఏటి విజేత" అని. దానికోసం మేడం కొత్త తెల్లకోటు కుట్టించి ఇచ్చింది. పొద్దుటినుంచీ ఆ కోటు బొత్తాలు తడుముకుంటూనే ఉంది. నలభై తొమ్మిదేళ్ళ జీవితంలో ఒక గదిలో అందరూ తనకోసం చప్పట్లు కొట్టింది ఈ నాలుగు నెలల్లోనే. ఎంత బాగుంటుందో ఆమెకు ఇదివరకు తెలియదు.

పన్నెండు కావస్తుండగా నర్సమ్మ వచ్చింది. ఆసుపత్రిలో నలభై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. ఇంట్లో పోరు పడలేక సెంటరుకు వస్తుంది గానీ, తగ్గాలన్న పట్టింపేమీ లేదు. మిషను ఎక్కి అద్దంలోకి చూస్తూ నిలబడింది. తూకం అక్క ఏమీ అనలేదు.

"పెరిగాననేగా? దానికంత సంతాపం ఎందుకే" అని నవ్వుతూ దిగింది నర్సమ్మ. అద్దం ముందుకు పోయి, బడిపిల్లలా చేతులు కట్టుకుని, దీర్ఘాలు తీస్తూ చదివింది. "నీరసం వచ్చిందా... కరుగుతున్నావన్నమాటా!" రెండోసారి సగంలో ఆగిపోయింది. అద్దంలో వెనక తూకం అక్క కనబడుతోంది, స్టూలు మీద ఒక కాలు బారచాపుకుని.

నర్సమ్మ వచ్చి కింద కూర్చుని ఆ ఎడమ పిక్కను పట్టుకుంది. బొటనవేలితో నొక్కి వదిలితే అక్కడ గుంట పడింది, పూడలేదు. కుడి కాలు చూసింది. అది పుల్లలా ఉంది.

"ఎన్నాళ్ళనుంచి ఈ వాపు?"

"నాలుగు రోజులమ్మా. నిలబడి నిలబడి..."

"నిలబడితే రెండు కాళ్ళూ వాస్తాయి. ఆయాసం ఉందా?"

"నిన్నటినుంచి కొంచెం."

"ఎంత తగ్గావు నువ్వు?"

"పద్నాలుగు కిలోలు!" ఆ మాట చెప్పేటప్పుడు మొహం వెలిగింది.

"ఏం మానేశావు?"

"మానడమేముందమ్మా. తినబుద్ధే కావట్లేదు. నడుము పైన ఒకటే పోటు. కరుగుతున్నప్పుడు అట్లా ఉంటుందట కదా."

నర్సమ్మ మొహంలో నవ్వంతా పోయింది. "ఎవడు చెప్పాడే నీకు? ఆ అట్టా? ఊరికే తగ్గే ఒళ్ళు మంచిది కాదు. ఒంటికాలు వాచి ఊపిరి అందకపోతే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. అది ఆగే పని కాదు. లే, ఇప్పుడే పోదాం."

అవతల నుంచి మేడం వచ్చింది. "ఏమిటండీ, వచ్చినవాళ్ళ ముందు రోగాల మాటలు! రేపు పంపిస్తాలెండి" అంది.

"రేపా!" అని నర్సమ్మ కస్సుమంది. తూకం అక్క ఇద్దరి మధ్యా నలిగిపోయి, "ఒంటిగంటకు భోజనం వేళ కదమ్మా, అప్పుడు వచ్చేస్తా, ఒట్టు" అంది. నర్సమ్మ ఆమెను ఒకసారి పైనుంచి కిందికి చూసి, "నేను పోయి నా పాత డాక్టరుతో చెప్పి ఉంచుతా. ఎమర్జెన్సీ గుమ్మం దగ్గరే నిలబడతా. రాలేదో, వచ్చి చెవి పట్టుకుని ఈడ్చుకుపోతా" అని గబగబా మెట్లు దిగింది.

ఒంటిగంటకు తూకం అక్క నిజంగానే బయల్దేరింది. సంచీ భుజాన వేసుకుని, మెట్ల కమ్మీ పట్టుకుని దిగుతూ, మొదటి అంతస్తు మలుపు దగ్గర కూర్చుండిపోయింది. అప్పుడే మొగుడు ఫోను చేశాడు.

"తిన్నావా?"

"ఆ."

"ఫొటో ఇంటికి కూడా ఒకటి తీసుకురావే. ఫ్రిజ్ మీద ఆ తిట్టు పీకేసి అది పెడదాం." మళ్ళీ తనే అన్నాడు, "ఏమోనే, నువ్వు తగ్గాక మంచం నా వైపే ఒరుగుతోంది. నాకు నిద్ర పట్టట్లేదు."

ఆమెకు గొంతు దాకా వచ్చింది. కాలు వాచిందయ్యా, భయంగా ఉందయ్యా, ఒకసారి రావా అని. "సాయంత్రం వస్తాగా" అని మాత్రం అంది.

ఫోను పెట్టేశాక కూడా లేవలేదు. ఆసుపత్రి రెండు వీధుల అవతలే. వెళితే ఏమంటారు? రోగమంటారు. రోగమని తేలితే ఈ పద్నాలుగు కిలోలూ తను తగ్గించినవి కావు. రోగం తిన్నవి. అప్పుడు ఆ గంట ఎవరికి కొట్టినట్టు? ఆ చప్పట్లు ఎవరికి? పట్టుదల ఉంటే తగ్గుతావని పదకొండేళ్ళు రాసింది, ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తనకూ అది ఉందని రుజువైంది. దాన్ని కూడా ఎవరో తెల్లకాగితం మీద కొట్టేసి ఇస్తే ఇక తన దగ్గర మిగిలేదేమిటి? చావుకన్నా ఆమెకు అదే ఎక్కువ భయమేసింది. మూడు గంటలే కదా, ఫొటో కాగానే వెళదాం అనుకుంది. ఆ మాట ఎంత తేలిగ్గా అనుకుందో! ఒక్కో మెట్టూ ఆగి ఆగి పైకి ఎక్కింది. సంచీలో ఫోను రెండుసార్లు మోగింది. నర్సమ్మే అయ్యుంటుందని తీయలేదు.

నాలుగింటికి ఫొటో అతను వచ్చి దీపాలు నిలబెట్టాడు. సాయంత్రం బృందం ఆడవాళ్ళు ఇరవై మంది గోడ వారగా చేరారు. వట్టి కాళ్ళతో మిషను మీద నిలబడాలి కాబట్టి ఆమె బెంచీ మీద కూర్చుని చెప్పులు విప్పుకుంది. కుడిది ఇట్టే ఊడింది. ఎడమది రెండు చేతులా లాగితే గానీ రాలేదు. రెండూ బెంచీ కిందకు తోసి, మిషను ఎక్కి అద్దంలోకి చూసింది.

అంకె మేడం చదివింది. "పదిహేను! ఇంకో కిలో!" గంట మోగింది. గది దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. వెలుగు ఫెళ్ళుమంది. తూకం అక్క నవ్వింది, నవ్వుతూనే ఊపిరికోసం నోరు తెరిచింది. ఫొటోలో అది గట్టిగా నవ్వినట్టే పడింది.

"మన వాళ్ళకు ఒక్క ముక్క చెప్పు" అంది మేడం.

ముందు వరసలో లెక్కల టీచరు ఉంది. ముప్పై ఏళ్ళుండవు. తగ్గడానికి ఒంట్లో ఇంకేమీ లేకపోయినా వస్తుంది. పెదవులు పగిలి, చెంపలు పీక్కుపోయి, కళ్ళు మాత్రం మెరుస్తూ తూకం అక్కనే చూస్తోంది. "మీరేం తిన్నారో చెప్పండక్కా, అదే తింటాను" అంది.

తూకం అక్క ఆ పిల్ల మెడ ఎముకల వంక చూసింది. అవి పొద్దున తను కోటు వేసుకుంటూ అద్దంలో చూసుకుని మురిసిపోయిన ఎముకల్లాగే ఉన్నాయి.

"నేనేం చెయ్యలేదమ్మా. దానంతటదే పోయింది."

"చూశారా, ఎంత వినయమో!" అంది మేడం. మళ్ళీ చప్పట్లు.

ఆమె దిగి, లెక్కల టీచరు భుజం పట్టుకుని, ఇంకెవరికీ వినబడకుండా అంది. "నువ్వు తిను తల్లీ. ఇంటికి పోయి కడుపునిండా తిను. నా మాట విను."

టీచరు కిసుక్కున నవ్వింది. "పరీక్ష పెడుతున్నారా అక్కా? నేను పడిపోను. చూడండి, ఈ వారం ఎంత తగ్గానో!"

ఇంకా చెప్పే ఓపిక తూకం అక్కకు లేదు. మూలన, తెర ఉండిన చోట, తన పాత స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించింది. కళ్ళ ముందు అంకెల పెట్టె ఉంది, పక్కన గంట ఉంది. ఫొటో అతను దీపాలు సర్దుకుని వెళ్ళిపోయాడు. మేడం అతణ్ణి సాగనంపడానికి కిందికి దిగింది.

లెక్కల టీచరు మిషను ఎక్కి, తలెత్తి అద్దంలోకి చూసింది. కదలకుండా నిలబడింది.

"ఎంతక్కా?"

జవాబు లేదు.

"అక్కా, తగ్గానా?"

ఎవరూ ఏమీ అనలేదు. అనకపోతే ఏమిటో అందరికీ తెలుసు. టీచరు దిగి, అద్దం ముందు నిలబడి, అట్ట మీది మాట చదవడం మొదలుపెట్టింది. ఒకసారి చదివింది. రెండోసారి ఏడుస్తూ చదివింది. పాపం అనుకుని వెనక ఇద్దరు ముగ్గురు గొంతు కలిపారు. మూడోసారి చదువుతుండగా నర్సమ్మ రొప్పుతూ గుమ్మంలోకి వచ్చింది. టీచరు వంక చూడలేదు, అట్ట వంక చూడలేదు, తిన్నగా మూలకు పోయింది. మణికట్టు పట్టుకుంది. మెడ కింద రెండు వేళ్ళు పెట్టింది. కింద పడుకోబెట్టి చాలాసేపు గుండె మీద నొక్కింది, చెమటలు కారిపోయేదాకా నొక్కింది.

"గుమ్మం దగ్గర మూడు గంటలు నిలబడ్డానే" అంది ఆఖరుకు. "మూడు గంటలు నిలబడ్డానే నీకోసం, పిచ్చిదానా."

మొగుడు పని బట్టల్లోనే వచ్చాడు. చేతులకు గ్రీజు ఉంది. ఆమెను ముట్టుకోవడానికి ముందు ఆ చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు, పోలేదు. ఆ తెల్లకోటుతోనే తీసుకెళ్ళాడు. సంచీ ఎవరో చేతికిచ్చారు.

వారం తిరక్కుండా ఫొటో గోడకెక్కింది. తీసేద్దామా అని మేడం ఒక రోజు ఆలోచించింది. కానీ అది చూసి కొత్తవాళ్ళు చేరుతున్నారు, లెక్కల టీచరు రోజూ దాని ముందు ఒక నిమిషం నిలబడి గానీ మిషను ఎక్కదు. ఇప్పుడు అంకెలు చదివే ఆవిడ సన్నగా ఉంటుంది, అందుకని తెర అక్కర్లేదు. అట్టలు మాత్రం అచ్చు వేయించి తెస్తున్నారు.

చెప్పులు బెంచీ కిందే ఉండిపోయాయి. ఎవరివో అనుకుని, గది ఊడ్చేవాళ్ళు చీపురుతో ఇటొకసారి అటొకసారి జరుపుతారు. కుడి చెప్పు పట్టీకి, ఉన్న చిల్లులు చాలక, మేకుతో కొత్తగా పొడిచిన చిల్లులు మూడు ఉన్నాయి. ఎడమదాని పట్టీ చిట్టచివరి చిల్లు దగ్గర సాగి, సగం తెగి ఉంది.