గౌరి తలుపు తీసిన రోజు

కుమారస్వామి హిందూపురంలో రైలెక్కేలోపే వాళ్లక్క ఫోన్ల మీద ఫోన్లు చేసింది.

"చౌడప్ప వచ్చినాడు రా. అరుగు మీద కూచోనుండాడు. నేను గడియ పెట్టుకోనుండా. నువ్వు యాడుండావు?"

చౌడప్ప ఆ అక్క, సోమక్క మొగుడు. తాగొచ్చి ఆమె మణికట్టు విరగ్గొట్టి బెంగుళూరు పారిపోయిన ఘనుడు. ఆ వంకర చేత్తోనే ఆమె ధర్మవరంలో పట్టుచీరలు నేసుకుంటూ ఒంటరిగా బతుకుతోంది. వాడి తరఫున పెద్దమనుషులు వచ్చినప్పుడల్లా ఒకటే చెప్పేది: "కాళ్ల మీద పడినా తలుపు తీయను." వీధి కూడా ఆమె పక్కనే నిలిచేది.

మరి ఇన్నేళ్లకు వాడు ఊడిపడడానికి కారణం ఎవరు? ఇంకెవరు, మన రచయితగారే!

ఎవరెవరి పేర్ల మీదో సీరియళ్లు రాసి రాసి వేళ్లరిగిన కుమారస్వామికి టీవీ తెర మీద సొంత పేరు పడింది ఇప్పుడు నడుస్తున్న సీరియల్‌తోనే. కథ కోసం ఎక్కడికో పోలేదు మహానుభావుడు. అక్క బతుకునే ఎత్తి రాశాడు. అక్క మాటను అక్షరం మార్చకుండా గౌరి అనే కథానాయిక నోట పెట్టాడు. జనం వెర్రెత్తిపోయారు. ధర్మవరంలో సన్మానం చేస్తే, శాలువా కప్పుకుని మైకు ముందు, "ఆ మాట నాది కాదు, మా అక్కది" అన్నాడు. నోరు ఊరుకోదు కదా! ఆనాటి నుంచి గౌరి ఏమంటే సోమక్క అదే అన్నట్టు వీధిలో లెక్క.

తర్వాత రేటింగు పడిపోయింది. గౌరి మొగుణ్ణి క్షమించాల్సిందే అన్నారు చానెల్ వాళ్లు. లేదంటే వేరే రచయితను పెట్టుకుంటామన్నారు. పేరు పోతుందన్న భయంతో కుమారస్వామి రాసిచ్చేశాడు. అక్కకు ఒక్క ముక్క చెప్పలేదు. గౌరి తలుపు తీసే ప్రోమో నిన్నటి నుంచి తిప్పి తిప్పి వేస్తున్నారు.

పెనుకొండలో రైలు ఆగినప్పుడు డైరెక్టర్ సంతోష్ ఫోనెత్తాడు.

"సార్, ఈ పొద్దు ఆ సీన్ వెయ్యొద్దు సార్. మీ కాళ్లు పట్టుకుంటా. మా అక్క ప్రాణం మీదికొచ్చింది."

"ప్రోమో వెళ్లాక ఎవరైనా సీన్ ఆపుతారా? అయినా అదిరిపోయింది కదండీ, మీకేం భయం!" అని సంతోష్ పెట్టేశాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? కుమారస్వామి రైలు తలుపు దగ్గర నిలబడి, పదిమంది చూస్తున్నా సిగ్గులేకుండా ఏడ్చాడు.

అతను వీధిలోకి వచ్చేసరికి ఇంటింటా ఆ సీరియలే మోగుతోంది. అక్క గుమ్మం ముందు జనం. ఇస్త్రీ చొక్కా, చేతిలో పూలపొట్లంతో చౌడప్ప అరుగు మీంచి లేచాడు.

"ఏమప్పా బామ్మర్దీ! మీయక్క మనసు కరిగిందని నువ్వు రాస్తివి, నేను వస్తిని."

"అది మా అక్క మాట కాదు! చానెలోళ్లు రాయమంటే రాసినా!" కుమారస్వామి గొంతు చించుకున్నాడు.

"ఏమన్నా, తీయనన్న మాటేమో అక్కది, తీసేది మాత్రం నీదా?" అని పక్కింటి సుధారాణి నవ్వింది. "ఆయప్ప మారినాడంట. సోమక్కా, గౌరి తీసేసె, నువ్వూ తీయమ్మా!"

జనం అందుకున్నారు. తీయమ్మా, తీయమ్మా అంటూ తలుపు తట్టారు, తర్వాత బాదారు. ఆమె వైపు ఒక్కరు లేరు.

తలుపు తెరుచుకుంది. సోమక్క మొగుడి మొహం చూడకుండా పక్కకు జరిగి దారిచ్చింది. వాడి వెనకే అడుగేయబోయిన తమ్ముణ్ణి మాత్రం గుమ్మంలోనే ఆపింది.

"వాణ్ని బయట నిలబెట్టేకి నాకుండింది ఆ ఒక్క మాటే గదరా," అంది. "దాన్ని కూడా నువ్వే ఎత్తుకపోయి అమ్ముకుంటివి. ఇంగ పో."

తలుపు మూసుకుంది. లోపల చౌడప్ప తాగడానికి నీళ్లు తెమ్మంటున్నాడు.