ఉప్పులేని జావ

మాత్రను బ్లేడుతో నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్కను చెంచాలో నలిపి నీళ్లలో కలపాలి. నాలుగేళ్లుగా పొద్దున లేవగానే నా మొదటి పని అదే. మా వర్ష ఒంట్లో కావలసిన స్టెరాయిడ్ తయారుకాదు, ఉప్పు నిలవదు. "జన్యువులో లోపం. తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే ఈ జబ్బు," అన్నాడు నిజామాబాద్ డాక్టరు. నా భర్త మహేష్ రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎడపల్లిలో ఇల్లు చేరేసరికి ఆ ఇద్దరూ నేనొక్కదాన్నే అయిపోయాను. "గీ రోగం మా ఇంటా వంటా లేదు," అంది అత్త ఈరవ్వ. ఆమె మా బాపుకు సొంత చెల్లెలు. ఆమె ఇల్లూ మా ఇల్లూ ఒకటి కాదా అని అడగాలనిపించింది. అడగకుండా బియ్యం కడగడానికి లేచాను.

నిన్న పిల్లకు జ్వరం. జ్వరమొస్తే మాత్ర మూడింతలు వేయాలి. మహేష్‌ను ఇంట్లో ఉండమంటే, "తల్లివి నువ్వా, నేనా?" అన్నాడు. మధ్యాహ్నం వేయాల్సిన ముక్కలు అత్తకు చూపించి, బోధన్‌లో నేను పనిచేసే బట్టల దుకాణానికి పోయాను. మనసు ఆగక మూడింటికే తిరిగొచ్చాను. వర్ష వాంతి చేసుకుని తోటకూర కాడలా వాడిపోయి ఉంది. మాత్రలు కాగితంలో అలాగే ఉన్నాయి. గిన్నెలోని జావ నాలుక మీద వేసుకుంటే ఉప్పు లేదు.

"జరమొస్తే చప్పిడి పత్తెమే పెట్టాలె బిడ్డా. ఒక్కసారే గన్ని గోలీలేస్తే పసిదాని కడుపు కాలదా?"

చంపేయాలన్నంత కోపమొచ్చింది. ముందు, ఇలాంటప్పటికని ఇంట్లో ఉంచిన స్టెరాయిడ్ సూది. డాక్టరు నేర్పినట్టే తొడకు వేశాను. నిజామాబాద్ ఆసుపత్రికి ఆటో మాట్లాడితే అత్త పిలవకుండానే ఎక్కి, పిల్ల కాళ్లు ఒళ్లో పెట్టుకుంది. జానకంపేట దాటాక చెప్పింది.

"మహేష్ కంటె ముందు నాకో కొడుకు. పదిహేను దినాలకు గిట్లనే కక్కి కక్కి పోయిండు. నా పాలే ఇసమన్నది మా అత్త."

"ఇన్నేండ్లు ఎవ్వరికీ చెప్పలేదా?"

"ఎవరడిగిండ్రు?"

ఆసుపత్రిలో సెలైన్ సగం ఎక్కాక వర్ష కళ్లు తెరిచి నీళ్లడిగింది. అప్పుడే మహేష్ వచ్చాడు. "నౌకరీ మాను అంటె ఇనకపోతివి," అని మొదలుపెట్టాడు. మాత్రల పొట్లం, బ్లేడు అతని చేతిలో పెట్టాను.

"రేపటి సంది పొద్దటి గోలీ నువ్వే ఎయ్యాలె బావా. నేర్పిస్త, రా."

అతను నోరు తెరిచి అమ్మ వంక చూశాడు. ఆమె అతన్ని చూడటం లేదు. నేను అంతకుముందే డాక్టరును అడిగి వచ్చాను. పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అత్తా, గా పిలగానికి కూడ గీ జబ్బే అయి ఉంటదట. నీ పాలల్ల ఇసం లేకుండె."