పాప బండెక్కిన కుట్టుమిషన్

హలో... హలో, వినిపిస్తోందా? అందరూ బావున్నారా? పొయ్యి మీద ఏమైనా ఉంటే కట్టేసి రండి. మధ్యలో ఆపమంటే నా వల్ల కాదు, చెప్పాలని నోరు దురదగా ఉంది.

మన టైలరమ్మ పెళ్ళికి ముందు వీధి మొత్తానికీ జాకెట్లు కుట్టిన మనిషి. మొగుడి ఉద్యోగం కోసం పరాయి దేశం వచ్చాక ఊడిన గుండీలు కుట్టుకోవడం తప్ప ఆ చేతులకి పనే లేకుండా పోయింది. తెచ్చుకున్న దారపు ఉండల డబ్బా మంచం కింద అలాగే ఉంది.

ఒకరోజు పొద్దున్నే ఫోన్లో ఒక ఫోటో కనబడింది. చేత్తో తిప్పే నల్లటి ఇనప మిషన్! అదే ఊళ్ళో ఒక మామ్మ ఇల్లు ఖాళీ చేస్తూ ఊరికే ఇచ్చేస్తోందట. టైలరమ్మ ఎగిరి గంతేసి, వచ్చీరాని ఆ దేశం భాషలో మెసేజ్ పెట్టింది: "చంటిపాపతో వస్తాను, ఎవరికీ ఇవ్వకండి."

"సాయంత్రం ఇంటికి తాళం వేసేస్తాను, ఆలోపు రా" అని మామ్మ జవాబు.

వీళ్ళకి కారు లేదు. అటువైపు బస్సూ లేదు. పాపని తోసుకెళ్ళే బండిలో కూర్చోబెట్టుకుని ముగ్గురూ నడకన బయల్దేరారు.

"రేపు షాపులన్నీ మూత. పాలు, డైపర్లు తీసుకుని వెళ్దాం" అన్నాడు మొగుడు.

"వచ్చేటప్పుడు తీసుకుందామండీ!"

"వచ్చేటప్పుడు నీ మిషన్ మొయ్యనా, పాలు మొయ్యనా? నాకేమన్నా నాలుగు చేతులున్నాయా?"

ఆ మాటా నిజమే. కానీ షాపులో వీళ్ళ ముందున్న పెద్దాయన కౌంటర్ దగ్గరమ్మాయికి తన పిల్లి సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. టైలరమ్మకి కాలు నిలవడం లేదు.

"ఈయన పిల్లి పురాణం అయ్యేలోపు నా మిషన్ ఎవరో పట్టుకుపోతారండీ!" అంది పైకే.

"మెల్లగా అనవే!"

"విననివ్వండి, తెలుగు ఎవరికొచ్చు ఇక్కడ!"

బయటపడేసరికి ఎండ వాలిపోయింది. ఎదురుగా పెద్ద ఎత్తు రోడ్డు. "మీరు బండి తోసుకుంటూ రండి, నేను ముందు పోతా!" అని చున్నీ నడుముకి బిగించి పరుగు లంకించుకుంది.

మామ్మ తాళాలగుత్తి పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. ఎవరో మొగుడూపెళ్ళాం మిషన్‌ని చెరోవైపూ పట్టుకుని అప్పటికే లేపారు.

"ఆగండాగండి! అది నాది!" అని అరిచింది టైలరమ్మ. కంగారులో తెలుగే వచ్చింది.

మామ్మ ఎగాదిగా చూసి, రెండు చేతులూ ఉయ్యాలలా ఊపి, పాప ఏదీ అన్నట్టు సైగ చేసింది. టైలరమ్మ వెనక్కి చూపించింది. రోడ్డు ఖాళీ! మామ్మ తల అడ్డంగా ఊపింది. వాళ్ళు మిషన్‌తో కారు వైపు రెండడుగులు వేశారు.

అప్పుడు వినిపించిందండీ, మలుపు అవతల నుంచి, మన పాప ఏడుపు! ఆ వెనకాల బండి, బండికి రెండువైపులా వేలాడే పాల సంచులు, చెమటలు కక్కుతూ మొగుడు. కూతురి ఏడుపు అంత తియ్యగా తల్లికి ఎన్నడూ వినిపించలేదు.

మామ్మ పకపకా నవ్వి, మిషన్ కింద పెట్టించేసింది.

"అమ్మో, ఇది ఇనుమే! ఎలా మోస్తామే?" అన్నాడు మొగుడు.

టైలరమ్మ పాపని తీసి ఆయన భుజాన వేసింది. మిషన్‌ని బండిలో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, పాప దుప్పటి కప్పేసింది. దారిలో ఒకావిడ ముద్దుగా నవ్వుకుంటూ వంగి, దుప్పటి తీసి చూసి, అదిరిపడింది.

"మా పెద్దదండీ. కాస్త గట్టిపిండం" అన్నాడు మొగుడు తెలుగులోనే, చాలా మర్యాదగా.

నవ్వలేక టైలరమ్మ రోడ్డు మీదే కూలబడింది.

ఇల్లు కనబడుతోందనగా టర్ర్‌మని బండి సీటు చిరిగిపోయింది. మిషన్ కింది కడ్డీల మీదికి దిగబడింది.

"అయిపోయింది! రేపటినుంచి పాపని నెత్తిన పెట్టుకుని తిరుగు!"

"తిరుగుతాలెండి. ముందు అటు పట్టుకోండి!"

ఇంటికి చేరగానే మిషన్‌కి నూనె వేసి, డబ్బాలోంచి చిలకాకుపచ్చ దారం తీసి ఎక్కించి, చక్రం తిప్పింది. టకటకటక! ఆ చప్పుడుకి పాప చప్పట్లు కొట్టింది.

మొగుడు చిరిగిన సీటు ఊడదీసి తెచ్చి, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "టైలరమ్మగారూ, చాలా అర్జెంటండీ. ఎప్పటికిస్తారు?"

పళ్ళతో దారం కొరుకుతూ, తలెత్తకుండానే అంది టైలరమ్మ: "రేపు రండి."

"మీ టైలర్లందరూ ఇంతేనమ్మా!"

"సరేలెండి. మీరు టీ పెట్టుకొచ్చేలోపు అయిపోతుంది."

టీ పొంగకముందే అయిపోయింది. ఆ నల్లబండి సీటు మీద చిలకాకుపచ్చ కుట్టు వీధి చివరికి కనబడుతుంది. పాప అందులో కూర్చుని ఎగిరెగిరి చూసింది, చెక్కుచెదరలేదు.

ఇదండీ సంగతి. మీ ఇళ్ళలో మిషన్ మీద దుప్పట్లు పడేసి మర్చిపోయిన అక్కలు, వదినలు ఉంటారు కదా, ఈ కథ వాళ్ళకి పంపండి. రెండు చుక్కలు నూనె కూడా వేయమని చెప్పండి.