కాలిన మోటారు వంతు

ఎలక్ట్రికల్ దుకాణదారుకు బేరంలో ఓడిపోవడం అలవాటు లేదు. అలాంటిది, సొంత కూతురి కబుర్లలో తన వాటా పడిపోతోందని ఈమధ్యే లెక్క తేలింది. బడి వదలగానే పిల్ల సందు చివరి వర్క్‌షాపుకు పోతుంది. అక్కడ బొమ్మ యంత్రాలు చేయించే అమ్మాయిని పిల్లలంతా మోటారక్క అంటారు.

"ఇవాళేం చేశారమ్మడూ?"

"ఏదో చేశాం నాన్నా."

అదే అక్క ఎదురైతే నోటికి తాళం ఉండదు.

"మోటార్లు అమ్మేది నేను, కబుర్లు మూటగట్టుకునేది ఆవిడ," అని భార్య దగ్గర గొణిగాడు.

"మీ కుళ్ళు పాడుగానూ! ఆ పిల్ల మీకు పోటీ దుకాణం పెట్టిందా?"

పెట్టిందనే ఆయన నమ్మకం.

ఆ సాయంత్రం కూతురి బొమ్మ క్రేన్ బల్లమీద కనిపించింది. స్విచ్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు, మాడు వాసన. పాడైన సరుకు మార్చి ఇస్తే గిరాకీ మళ్ళీ మన గుమ్మమే తొక్కుతుంది. పిల్ల స్నానం ముగించేలోగా కొత్త మోటారు బిగించి, కాలినదాన్ని జేబులో వేసుకున్నాడు.

మర్నాడు క్రేన్ తిరిగితే పిల్ల పడే సంబరం కళ్ళారా చూద్దామని వర్క్‌షాపు గుమ్మంలో నిలబడ్డాడు. పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. ఎవరి యంత్రం చెడిపోతే వాళ్ళదే మొదటి వంతు: ఏం చెడిందో, అప్పుడు మనసుకేమనిపించిందో చెప్పాలి. కూతురు స్విచ్ నొక్కింది. కొక్కెం ఠీవిగా పైకి లేచింది. పిల్ల మొహం వాడిపోయింది.

"నిన్న తిరగలేదక్కా, ఒట్టు!"

"మొదటి వంతు కోసం కోతలు!" అన్నాడొక గడుగ్గాయి. అందరూ నవ్వారు.

నోరు మెదపకపోతే కూతురు అబద్ధాలకోరు. మెదిపితే పోయేది తన పరువు. తక్కువ నష్టమేదో ఆయనకు తెలుసు.

"మోటారు మార్చింది నేనే."

మోటారక్క ముక్కాలిపీట జరిపింది. "కూర్చోండి అన్నయ్యగారూ. మీకేమనిపించి మార్చారో కూడా చెప్పాలి. ఇక్కడ పద్ధతంతే."

ఆయన పీటమీద కూర్చున్నాడు. "కుళ్ళు. నాకు చెప్పని మాటలు మీకు చెబుతోందని."

కూతురు తలెత్తింది. "నీకు చెబితే కొత్తది ఇచ్చేస్తావు నాన్నా. ఎందుకు కాలిందని అడగవు."

ఆయన జేబులోంచి కాలిన మోటారు తీసి కూతురి అరచేతిలో పెట్టాడు.

"ఎందుకు కాలిందమ్మా?"

"తొందరపడి పెద్ద బ్యాటరీ తగిలించా. పొగొచ్చేసరికి ఏడుపొచ్చింది..." పిల్ల చూపు అలవాటుగా మోటారక్క వైపు మళ్ళింది.

"అటు కాదు," అన్నాడాయన, పీట ముందుకు లాక్కుని. "నావైపు చూసి చెప్పు."