వట్లూరు ఇంటి అద్దె షరతు

కాలేజీ పిల్లలు ఖాళీ చేసి వెళ్లాక వట్లూరులోని మాణిక్యం ఇంట్లోకి మళ్లీ ఎవరూ అద్దెకి రాలేదు. ఇన్నాళ్లకి సిల్వియా వచ్చింది. ఏలూరులో నర్సుగా చేసి మానేసిన మనిషి. ఓల్డేజ్ హోమ్ పెట్టుకుంటానంది. మంచాలు ఎక్కడ పడతాయో చూసుకుంది, బాత్‌రూమ్ గుమ్మాలు వెడల్పు చేయించుకుంటానంది. అద్దె దగ్గర పేచీ రాలేదు.

"ఇంకొక్క మాటండీ," అంది చివర్లో. "మా వాళ్లెవరికైనా ఆఖరి ఘడియ వస్తే బయటికి తీసుకెళ్లమనకూడదు. పోయాక కూడా, బంధువులొచ్చేదాకా ఇక్కడే ఉంచుకుంటాం."

అగ్రిమెంటు రాయడానికొచ్చిన మాణిక్యం తమ్ముడు బుచ్చిబాబు కుర్చీలోంచి లేచాడు. "అద్దింట్లో చావా? బాగుందండీ! రేపు మీరెళ్లిపోయాక ఈ ఇంట్లోకి ఎవరొస్తారు, దెయ్యాలా?"

"అవైతే బేరమాడవు కదండీ," అని నవ్వింది సిల్వియా. నవ్వుతూనే వెళ్లడానికి లేచింది. ఈ జవాబు ఆవిడకి కొత్త కానట్టుంది.

మాణిక్యానికి చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో తామున్న అద్దె వాటా కళ్లకు కట్టింది. నాన్న ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తా. సాయంత్రం వచ్చి ఎత్తుకుంటే చొక్కా ఘాటుకి తన కళ్లు నీళ్లు కారేవి. "చూశావుటే, నాన్నొచ్చాడని పిల్ల ఎంత బెంగగా ఏడుస్తోందో," అనేవాడు అమ్మతో. ఆదివారం కొల్లేటి కొర్రమీను పులుసు పెడితే, మొదటి గిన్నె ఇంటి ఓనరావిడకే వెళ్లేది. నాన్నకి ఊపిరందని రోజున ఆవిడే వచ్చి, అమ్మ చేతులు పట్టుకుని, "ఏమీ అనుకోకమ్మా, ఇంట్లో వద్దు," అంది. ఆవిడా ఏడ్చింది.

"నువ్వప్పుడు చంటాడివిరా," అంది మాణిక్యం. "నాన్న మావయ్యగారింట్లో పోయారనుకుంటున్నావు. అక్కడిదాకా చేరనే లేదు. రిక్షాలోనే, అమ్మ ఒళ్లో పోయారు. 'నా మంచం ఏదే?' అని అడుగుతూనే ఉన్నారు."

బుచ్చిబాబు మెల్లగా కూర్చున్నాడు. "నాకెవరూ చెప్పలేదేంటక్కా?"

"అమ్మ వద్దంది."

మాణిక్యం సిల్వియా వైపు తిరిగింది. "ఎవరినీ కదపకండమ్మా. ఎవరి మంచం మీద వాళ్లని ఉండనివ్వండి."

"చుట్టుపక్కల వాళ్లు గొడవ చేస్తే?" బుచ్చిబాబు గొంతులో ఇందాకటి జోరు లేదు.

"ఇల్లు నాదని చెప్పు. నా దగ్గరికి రమ్మను."

అతను పెన్ను మూత తీసి, సిల్వియానే అడిగాడు. "ఆ మాట ఎలా రాయమంటారండీ?"